డేటా సఫిషియెన్సీలో ఊరికే ‘సీ’ పెట్టేస్తున్నాను, ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న:
ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌కి ప్రిపేర్ అవుతున్నానండీ. మామూలు క్వాంట్ లెక్కలు బాగానే వస్తున్నాయి. డేటా ఇన్‌సైట్స్ సెక్షన్‌లో వచ్చే డేటా సఫిషియెన్సీ దగ్గరే దెబ్బ తింటున్నాను, పదింటికి నాలుగైదు పోతున్నాయి. ఎక్కువసార్లు నేను ‘సీ’ పెడితే అసలు జవాబు ‘ఏ’ అని ఉంటోంది. పైగా ఒక్కోదానికి మూడు నిమిషాలు పట్టేస్తోంది.

జవాబు:
ఇందులో ఒక ప్రశ్న, దాని కింద 1, 2 అని రెండు స్టేట్‌మెంట్లు ఇస్తారు. జవాబు ఎంతో ఎవరూ అడగరు. జవాబు తేల్చడానికి ఇచ్చిన సమాచారం చాలుతుందా లేదా, అంతే. ఐదు ఆప్షన్లూ ఎప్పుడూ ఇవే, ఇదే వరుసలో వస్తాయి. స్క్రీన్ మీద ఏ, బీ, సీ అని అక్షరాలు కూడా ఉండవు కాబట్టి వరుస నోటికి వచ్చేయాలి.

ఏ: 1 ఒక్కటే చాలు, 2 ఒక్కటే అయితే చాలదు.
బీ: 2 ఒక్కటే చాలు, 1 ఒక్కటే అయితే చాలదు.
సీ: విడివిడిగా ఏదీ చాలదు, రెండూ కలిపితే చాలు.
డీ: దేనికదే చాలు.
‘ఈ’: రెండూ కలిపినా చాలదు.

ముందు స్టేట్‌మెంట్ 1 ఒక్కటే చూడండి. చాలిందా, మిగిలేవి ఏ, డీ మాత్రమే. చాలలేదా, బీ, సీ, ‘ఈ’. ఇది రఫ్‌లో రాసుకుని కొట్టేస్తూ వెళ్లండి. తర్వాత 1ని పూర్తిగా మర్చిపోయి 2 చూడాలి. చాలామంది జారేది ఇక్కడే. ‘ఎక్స్ ధన సంఖ్య’ అని 1లో చదివింది మనసులో ఉండిపోయి, 2 చూసేటప్పుడు తెలియకుండానే వాడేస్తారు. రెండూ విడివిడిగా చాలలేదని తేలాకే కలపాలి.

ఇక మీ ‘సీ’ సంగతి. ఈ లెక్క చూడండి:

పెన్ను 12 రూపాయలు, నోట్‌బుక్ 35 రూపాయలు. కొన్ని పెన్నులూ కొన్ని నోట్‌బుక్‌లూ కొన్నారు. పెన్నులు ఎన్ని?
స్టేట్‌మెంట్ 1: మొత్తం ఖర్చు 212 రూపాయలు.
స్టేట్‌మెంట్ 2: మొత్తం వస్తువులు 10.

రెండు తెలియని సంఖ్యలు, రెండు సమీకరణాలు, కాబట్టి ‘సీ’ అనిపిస్తుంది. కానీ పెన్నులు సగం సగం కొనరు కదా, రెండూ పూర్ణ సంఖ్యలే కావాలి. 12నీ 212నీ కూడా 4 భాగిస్తుంది. అంటే నోట్‌బుక్‌ల ఖర్చునీ 4 భాగించాలి. 35ని 4 భాగించదు కాబట్టి నోట్‌బుక్‌ల సంఖ్యనే 4 భాగించాలి. 8 కొంటే 280, దాటిపోయింది. మిగిలింది 4 ఒక్కటే: 140 పోగా 72, అంటే 6 పెన్నులు. స్టేట్‌మెంట్ 1 ఒక్కటే చాలు. 2 ఒక్కటే అయితే ఎన్నో రకాలుగా కుదురుతుంది. జవాబు ‘ఏ’.

మనుషులు, టికెట్లు, పుస్తకాలు లాంటివి కనబడితే సమీకరణాలు లెక్కపెట్టి వదిలేయకండి, విలువలు వేసి చూడండి. ఇంకో సంగతి, రెండు స్టేట్‌మెంట్లూ ఒకదానితో ఒకటి ఎప్పుడూ విభేదించవు. 1 నుంచి 6, 2 నుంచి 7 వచ్చాయంటే మీ లెక్కలోనే తప్పుంది.

అడిగినవారు:
అవును, కాదు ప్రశ్నల్లో ‘కాదు’ అని వస్తే చాలనట్టా?

జవాబు:
కాదండీ, ఖచ్చితమైన ‘కాదు’ కూడా జవాబే. ‘పూర్ణ సంఖ్య ఎన్ బేసి సంఖ్యా?’ అని అడిగి, ‘ఎన్ రెండు వరుస పూర్ణ సంఖ్యల లబ్ధం’ అన్నారనుకోండి. వాటిలో ఒకటి సరి సంఖ్య అయి తీరుతుంది, కాబట్టి లబ్ధం ఎప్పుడూ సరే. జవాబు ‘కాదు’, సమాచారం చాలింది. ఒకసారి అవును, ఒకసారి కాదు అని వస్తేనే చాలనట్టు.

మరొకరు:
దీనికే కొంచెం కలుపుతాను. సంఖ్యలు వేసి చూసేటప్పుడు 2, 3, 5 వేసుకుంటూ పోతే లాభం లేదు. సున్నా, 1, మైనస్ 1, అర, మైనస్ అర వేయండి. ‘ఎక్స్ బై వై 1 కంటే ఎక్కువా?’ అనేదానికి ‘ఎక్స్, వై కంటే పెద్దది’ అని ఇస్తే చాలుననిపిస్తుంది. 3, 2 వేస్తే 1.5, అవును. మైనస్ 1, మైనస్ 2 వేస్తే 0.5, కాదు. గుర్తు తెలియని చరరాశితో అసమానతను గుణించడం, భాగించడం చేయకూడదనేది ఇందుకే. నాలుగు సంఖ్యలకు అవును వచ్చినంత మాత్రాన చాలినట్టు కాదు, కారణం కూడా తెలియాలి.

ఇప్పుడు వ్యాపారం రూపంలో కూడా అడుగుతున్నారు. ‘ఈ ఏడాది షాపు లాభం పోయినేడాది కంటే పెరిగిందా? 1: ఆదాయం 10 శాతం పెరిగింది. 2: ఖర్చు 8 శాతం పెరిగింది.’ ప్రశ్నలోనే ‘పోయినేడాది షాపు లాభాల్లో ఉంది’ అని ఉంటే జవాబు ‘సీ’. ఆదాయమే పెద్దది, పెరిగిన శాతమూ దానిదే ఎక్కువ. ఆ మాట లేకపోతే ‘ఈ’. ఆదాయం 100, ఖర్చు 130 అనుకోండి. ఈ ఏడాది 110, 140.4. నష్టం 30 నుంచి 30.4కి పెరిగింది. అందుకే స్టేట్‌మెంట్ల మీదికి దూకేముందు ప్రశ్నను రెండుసార్లు చదవాలి. ‘పూర్ణ సంఖ్య’, ‘ధన సంఖ్య’, ‘లాభాల్లో’ లాంటి మాటలు రఫ్‌లో రాసుకోండి.

అడిగినవారు:
టైమ్ సంగతి?

జవాబు:
డేటా ఇన్‌సైట్స్ మొత్తానికి 45 నిమిషాలకు 20 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి రెండుంపావు నిమిషాలు. టేబుళ్లూ గ్రాఫులూ ఉన్న ప్రశ్నలు టైమ్ ఎక్కువ తినేస్తాయి కాబట్టి డేటా సఫిషియెన్సీవి రెండు నిమిషాల లోపు ముగించాలి. మీకు మూడు నిమిషాలు పడుతున్నాయంటే చివరిదాకా లెక్క చేస్తున్నారన్నమాట. ఒకే విలువ వస్తుందని తెలిసిన చోటే ఆపేయండి. పైన 212 లెక్కలో నోట్‌బుక్‌లు 4 అని తేలాక 72ని 12తో భాగించే పని కూడా లేదు. ఈ సెక్షన్‌లో కాలిక్యులేటర్ ఇస్తారు గానీ, ఇలాంటి ప్రశ్నకు దాన్ని తెరవాల్సి వస్తే దారి తప్పారేమో ఒకసారి చూసుకోండి.

రెండు నిమిషాలకీ తెగకపోతే ఏ, డీ గానీ, బీ, సీ, ‘ఈ’ గానీ ఎంతవరకు వచ్చారో అందులోంచి ఒకటి పెట్టి బుక్‌మార్క్ చేయండి. చివర్లో టైమ్ మిగిలితే సెక్షన్‌కి మూడు జవాబుల దాకా మార్చుకోవచ్చు. ఖాళీగా మాత్రం వదలకండి, వదిలినవాటికి స్కోరు తగ్గుతుంది.