పిచ్చుక గూడు ఎండకు కాలిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది తిరుపతి. మిద్దె మీద గోడకి చెక్క గూడు కొట్టాను, పిచ్చుకలు చేరి పిల్లలు కూడా చేశాయి, సంతోషమే, కానీ పడమటి ఎండ నేరుగా దాని మీదే పడుతోంది, మధ్యాహ్నం మూడింటికి చెక్క మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది. పిల్లలు కన్నం దగ్గరికొచ్చి నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. చూస్తే టెన్షన్‌గా ఉంది. గూడు తీసి నీడకు మార్చేదా?

జవాబు: మార్చొద్దన్నా! పెద్ద పిట్టలు పాత చోటికే వస్తాయి, అక్కడ గూడు కనపడకపోతే పిల్లల్ని వదిలేసే ప్రమాదం ఉంది. నీడనే గూడు దగ్గరికి తీసుకురా. పైన రెండంగుళాల ఎడం వదిలి ప్లైవుడ్ ముక్కో కొబ్బరి మట్టో రెండో కప్పులా కట్టు, మధ్యలో గాలి ఆడాలి, కిటుకంతా అక్కడే. పడమటి వైపు గోనె సంచి వేలాడదీయి, కన్నానికి మాత్రం అడ్డం రాకూడదు. పొద్దున్నే ఐదు నిమిషాల్లో ముగించి దిగిపో.

జవాబు: గూడు మీద నీళ్లు మాత్రం చల్లొద్దు, లోపల గడ్డి తడిస్తే బూజు పడుతుంది. కాస్త దూరంగా నీడలో మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి, పిల్లికి అందని చోట. నేనొకసారి రేకు డబ్బాతో గూడు చేశాను, బుద్ధి తక్కువై, మే నెలలో అది పొయ్యే! వచ్చే ఏడాదికి ముప్పావు అంగుళం మందం చెక్క వాడండి, కప్పు కింద రెండు పక్కలా గాలి కన్నాలు పెట్టి, బయట మాత్రమే తెల్ల రంగు వేసి, తూర్పుకో ఉత్తరానికో తిప్పండి.

ప్రశ్న అడిగినవారు: మట్ట కట్టేశానన్నా. తల్లి పది నిమిషాలు తీగ మీద కూర్చుని నన్ను తిట్టి, తర్వాత లోపలికి పోయింది.