కుక్కా పిల్లీ విమానంలో ఎక్కడ ఉండాలి: మన పాదాల దగ్గరా, కార్గోలోనా?

అల్వాల్ గూడు:

అందరికీ నమస్కారం. మా వారికి ఢిల్లీ బదిలీ అయింది. మే నెలాఖరుకల్లా అక్కడ చేరాలి. ఇంట్లో మనుషులం ఇద్దరమే, మూడో ప్రాణి బెల్లం. ఎనిమిదేళ్ల పగ్ కుక్క. ఒంటి రంగు చూసి మా అత్తగారు పెట్టిన పేరు అది.

నిన్న రెండు విమాన సంస్థలకు ఫోను చేశాను. ఒకరు పెంపుడు జంతువులను అసలు ఎక్కించుకోం అన్నారు. రెండో వారు సరే అన్నారు కానీ, బ్యాగుతో కలిపి 10 కిలోలు దాటితే మనుషులు కూర్చునే క్యాబిన్‌లోకి రానివ్వరట, విమానం అడుగున సామాన్లు పెట్టే కార్గోలో పంపాలట. ఫోను పెట్టేసి బెల్లాన్ని బ్యాగులో కూర్చోబెట్టుకుని వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్లాను. బియ్యం బస్తాలు తూచే కాటా మీద పెడితే 10 కిలోల 700 గ్రాములు చూపించింది. అందులో బ్యాగు కిలోన్నర.

తిరిగి వస్తుంటే బ్యాగులో ఇబ్బంది పడుతోందని కిందికి దింపి నడిపించాను. మా గేటు అక్కడికి రెండు వందల అడుగులు కూడా ఉండదు. ఉదయం పది గంటలే. అంత దూరానికే దాని గొంతులో గురగుర మొదలైంది, డొక్కలు ఎగిరిపడ్డాయి, నాలుక అంచులు ముదురు రంగుకు తిరిగాయి. ఇంట్లోకి రాగానే గచ్చు మీద పొట్ట ఆనించి పడుకుంది. మామూలుగా ఊపిరి తీసుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఏడు వందల గ్రాములు ఎక్కువ ఉన్నందుకు ఇలాంటి ప్రాణిని నా నుంచి విడదీసి సామాన్లతో పంపాలా? ప్రాణి ఎక్కడ కూర్చోవాలో దాని ఊపిరిని బట్టి తేల్చాలి గానీ కాటాను బట్టి కాదని నా అభిప్రాయం. కాదనేవారు కూడా నిర్మొహమాటంగా చెప్పండి.

మెహిదీపట్నం నాన్న:

అమ్మా, మీ బాధ అర్థమైంది. అయినా నేను కాదనే చెబుతాను. మా అమ్మాయికి పదకొండేళ్లు, ఉబ్బసం ఉంది. పిల్లి అంటే పడదు. కిందటేడు ఒక ప్రయాణంలో మా ముందు వరుసలో ఒకరు పిల్లిని తెచ్చుకున్నారు. విమానం లేచిన అరగంటకు పాప కళ్లు నలుపుకోవడం మొదలుపెట్టింది. రెప్పలు ఉబ్బి కళ్లు చీలికలయ్యాయి. ఇన్‌హేలర్ నా చొక్కా జేబులో ఉంది కాబట్టి సరిపోయింది, పైన పెట్టెలో ఉంటే ఏమయ్యేదో. సిబ్బంది సీటు మార్చారు, కానీ అదే గాలి, అవే వరుసలు. బస్సయితే దిగిపోతాం. ముప్పై వేల అడుగుల ఎత్తులో ఎక్కడికి దిగాలి?

మీ కుక్క మీద నాకు కోపం లేదు. అయితే ఊపిరి లెక్క తీసేటప్పుడు నా కూతురి ఊపిరి కూడా అందులో చేర్చండి.

లాబ్రడార్ ఇల్లు:

కార్గో అనగానే సామాన్లతో కలిపి గాలి ఆడని చోట పడేస్తారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ప్రాణులను తీసుకెళ్లే అరలో గాలి ఒత్తిడి మనం కూర్చునే చోట ఉన్నట్టే ఉంటుంది, వేడి కూడా అదుపులో పెడతారు. మా లాబ్రడార్‌ను జనవరిలో శంషాబాద్ నుంచి కోల్‌కతాకు అలాగే పంపాం. క్షేమంగా దిగింది. దిగగానే గిన్నెడు నీళ్లు తాగి మా తమ్ముడి చెప్పు నోట కరుచుకుంది.

అయితే ఊరికే క్షేమంగా దిగలేదు. మూడు వారాల ముందే క్రేట్, అంటే ప్రాణిని ఉంచి పంపే జాలీ పెట్టె, కొని హాల్లో పెట్టి, తలుపు తీసి ఉంచి, రోజూ అన్నం అందులోనే పెట్టాం. నాలుగో రోజుకు మధ్యాహ్నం నిద్ర కూడా అందులోనే. క్రేట్‌కు అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం చెప్పిన కొలత ఉంది: ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఎంతో కొలిచి, నేల నుంచి ముందుకాలి మోచేయి దాకా ఉన్న ఎత్తులో సగం దానికి కలపాలి. అదీ పొడవు. వెడల్పు భుజాల వెడల్పుకు రెట్టింపు. నిలబడితే తల తగలకూడదు, తిరిగి పడుకోగలగాలి. నీళ్ల గిన్నెలో నీళ్లు పోస్తే ఒలికిపోతాయి కాబట్టి ముందు రాత్రే గడ్డ కట్టించి పెట్టాం, కరిగేకొద్దీ నాకుతుంది.

అప్పగించాక బండి మీద క్రేట్‌ను తీసుకుపోతుంటే అది జాలీకి ముక్కు ఆనించి మమ్మల్నే చూసింది. మా ఆవిడ గోడ వైపు తిరిగి నిలబడిపోయింది. ఆ నిమిషం మాత్రం తేలిక అని చెప్పను.

తెల్లకోటు:

నేను నగరంలో ఇరవై ఏళ్లుగా పెంపుడు జంతువులకు వైద్యం చేస్తున్నాను. లాబ్రడార్ ఇల్లు గారు చెప్పింది నిజమే, కానీ అది లాబ్రడార్‌కు, జనవరిలో. పగ్‌కు, మే నెలలో, ఆ మాట వర్తించదు.

మనకు చెమట పడుతుంది. కుక్క ఒంట్లో వేడి బయటికి పోయే ప్రధాన దారి వగర్పే. పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టిముక్కు జాతుల్లో ముక్కు రంధ్రాలు సన్నం, అంగిలి వెనక మెత్తటి భాగం పొడవెక్కువై గొంతుకు అడ్డం పడుతుంది. వగర్చేకొద్దీ ఆ భాగం వాచి దారి ఇంకా మూసుకుపోతుంది. పర్షియన్ పిల్లులకూ ఇదే చిక్కు. అసలు ప్రమాదం ఆకాశంలో కన్నా నేల మీద ఎక్కువ. నలభై డిగ్రీల ఎండలో విమానం పక్కన క్రేట్ ఆగి ఉండే సమయం, తలుపులు తెరిచి సామాను ఎక్కించే సమయం, అప్పుడే ప్రాణం మీదికి వస్తుంది.

అమెరికా రవాణా శాఖ 2010లో వెల్లడించిన లెక్క ఒకటి మా వృత్తిలో తరచూ చెప్పుకుంటాం. 2005 మే నుంచి ఐదేళ్లలో అక్కడి విమానాల్లో రవాణా అవుతూ 122 కుక్కలు చనిపోయాయి. అందులో సుమారు సగం పొట్టిముక్కువే. బుల్‌డాగులు 25, పగ్‌లు 11. లాబ్రడార్లు కూడా 7 ఉన్నాయి.

ఇంకొక మాట, ఇది అందరికీ. నిద్రమందు ఇచ్చి పంపమని నన్ను వారానికి ఒకరైనా అడుగుతారు. ఇవ్వను. మత్తులో రక్తపోటు పడిపోతుంది, వేడి అదుపు తప్పుతుంది, క్రేట్ కుదిపితే కాళ్లు నిలదొక్కుకోలేదు. పక్కన చూసేవారు ఉండరు. ప్రయాణానికి నాలుగైదు గంటల ముందు తేలికగా కొంచెం తినిపించండి, నీళ్లు మాత్రం ఆపకండి. రేబీస్ టీకా పుస్తకం, ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందన్న పత్రం చేతిలో ఉంచుకోండి.

పిల్లి మీసం:

క్యాబిన్‌లో తీసుకెళ్తే సుఖమని అనుకునేవారికి నా అనుభవం. మాది వీధిలో దొరికిన పిల్లి, నాలుగు కిలోలు. భద్రతా తనిఖీ దగ్గర బ్యాగు యంత్రంలోకి వెళ్లాలి, పిల్లిని బయటికి తీసి ఎత్తుకోవాలి అన్నారు. వెనక వరుస కదులుతోంది, ట్రేలు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. పిల్లి నా మెడ మీదికి పాకి గోళ్లు దింపింది. ఒంటికి పట్టీ, దానికి తాడు, ఆ తాడు నా మణికట్టుకు రెండు చుట్లు ఉన్నాయి కాబట్టి ఈ రోజు నా పిల్లి నాకు ఉంది. పట్టీ లేకుండా ఎవరూ వెళ్లకండి. అంత పెద్ద విమానాశ్రయంలో పిల్లి జారిపోతే దొరకదు.

మెహిదీపట్నం నాన్న గారూ, మీ పాప సంగతి చదివి మనసు కలుక్కుమంది. పిల్లి పడకపోవడానికి ముఖ్య కారణం దాని ఉమ్మిలో, చర్మంలో ఉండే ఒక ప్రొటీన్. అది మా బట్టలకూ అంటుకుని ఉంటుంది. పిల్లిని ఇంట్లో వదిలి నేనొక్కదాన్నే ఎక్కినా కొంత నాతో వస్తుంది.

మెహిదీపట్నం నాన్న:

కొంత రావడం వేరు, పిల్లే రావడం వేరు అమ్మా. విమానంలో గాలిని గంటకు ఇరవైసార్లకు పైగా మారుస్తారని, వడపోతలు చాలా సన్నని రేణువులను కూడా పట్టేస్తాయని నేనూ చదివాను. ముందు సీటు కింద ఉన్న పిల్లి నుంచి వచ్చింది వడపోతకు చేరేలోపే నా కూతురి ముక్కుకు చేరుతుంది.

నేను నిషేధం అడగడం లేదు. మీరు ప్రాణిని తెస్తున్నారని విమాన సంస్థకు ముందే తెలుసు, డబ్బు కూడా కట్టించుకుంటుంది. ఆ సంగతి మాకెందుకు చెప్పదు? టికెట్ కొనేటప్పుడే ఫలానా విమానంలో పిల్లి ఉంది అని చూపిస్తే నేను తర్వాతి విమానం ఎక్కుతాను. ఇద్దరికీ తగాదా ఉండదు.

సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం:

అసలు విమానమే ఎందుకు? రైల్లో ఏసీ ఫస్ట్ క్లాసులో కుక్కను మనతోనే ఉంచుకోవచ్చు. ఇద్దరు పట్టే కూపే గానీ నలుగురు పట్టే క్యాబిన్ గానీ మొత్తం మన పేరే ఉండాలి. పార్సిల్ కార్యాలయంలో కుక్కకు విడిగా రుసుము కట్టాలి. ఢిల్లీకి ఒక పగలు, ఒక రాత్రి దాటుతుంది. ముందే రైల్వే అధికారులకు అర్జీ పెట్టుకోవాలి, అయినా కూపే ఖరారైందో లేదో చార్టు వేసేదాకా తెలియదు. రాకపోతే మిగిలేది గార్డు డబ్బాలోని కుక్కల పెట్టె. ఎండాకాలం ఆ పెట్టెలో మాత్రం ఏ కుక్కనూ పెట్టకండి.

అల్వాల్ గూడు:

చార్టు వేసేదాకా తెలియదన్న మాట దగ్గరే నా ధైర్యం పోయింది. తీరా కూపే రాకపోతే ప్లాట్‌ఫారం మీద నేనూ బెల్లమూ ఏమి చేయాలి?

మెహిదీపట్నం నాన్న గారూ, మీరు అడిగింది న్యాయం. రాసేటప్పుడు మీ పాపలాంటి వారు నా ఆలోచనలోకే రాలేదు, క్షమించండి. టికెట్ దగ్గరే చూపించాలన్న మాటకు నేనూ చేయి ఎత్తుతాను. కానీ బరువు హద్దు మీద నా మాట అలాగే ఉంది. ఆకాశ ఎయిర్ 2022 నవంబరులో జంతువులను క్యాబిన్‌లోకి తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు హద్దు 7 కిలోలు. ఎయిరిండియాలో చాలాకాలం 5 కిలోలే ఉండేది. ఒక్కో సంస్థకు ఒక్కో అంకె అయినప్పుడు, అది ప్రాణి క్షేమం చూసి పెట్టింది కాదు, సీటు కింద ఉన్న జాగా చూసి పెట్టింది. పొట్టిముక్కు కుక్కకు ఒకటి రెండు కిలోల సడలింపు ఇచ్చి, పక్క సీటు కూడా కొనమంటే నేను కొంటాను.

లాబ్రడార్ ఇల్లు:

పగ్ సంగతి వేరని ఒప్పుకుంటున్నాను. ఆ లెక్కలో లాబ్రడార్లు 7 అని చదివాక నేను రాసింది మళ్లీ చదువుకున్నాను. జనవరి కాబట్టి, తెల్లవారుజాము విమానం కాబట్టి సరిపోయింది. పగటి విమానంలో అయితే నేనూ పంపను.

తెల్లకోటు:

అల్వాల్ గూడు గారూ, హద్దు పెంచమని సంస్థలను అడుగుదాం, తప్పులేదు. ఈలోగా మీ చేతిలో ఉన్నది చూడండి. మీ పగ్ 9 కిలోల 200. ఆ జాతికి ఆరు నుంచి ఎనిమిది కిలోలు మామూలు. రెండు వందల అడుగులకే నాలుక రంగు మారిందంటే మెడ చుట్టూ ఉన్న కొవ్వు కూడా ఊపిరి దారిని నొక్కుతోందన్నమాట. ఢిల్లీ వెళ్లినా వెళ్లకపోయినా అది తగ్గాల్సిందే. వారానికి ఒంటి బరువులో ఒకటి రెండు శాతం మించకుండా తగ్గిస్తే ఏ హానీ లేదు. రోజుకు ఎంత పెడుతున్నారు? మీరు తింటూ పెట్టే ముక్కలు కూడా కలిపి చెప్పండి. గొంతు, గుండె ఒకసారి పరీక్ష చేయించండి, నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలలో కూడా చూపించవచ్చు.

మే నెల మాత్రం వద్దు. నవంబరు కూడా వద్దు, అప్పుడు ఢిల్లీ పొగ మనుషులకే పడదు. సెప్టెంబరు నెలాఖరు, తెల్లవారుజాము విమానం.

డాలస్ తాతయ్య:

మాలాగా పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తూ కుక్కను తీసుకెళ్లాలనుకునే పెద్దలకు చిన్న సూచన. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి నియమాలు మారాయి. కుక్కకు ఆరు నెలలు నిండాలి, చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ ఉండాలి. రేబీస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మనదీ ఉంది కాబట్టి ఇక్కడ టీకా వేయించిన కుక్కకు అదనపు షరతులు ఉన్నాయి. టికెట్ తర్వాత, ముందు చిప్, టీకా. మేము వరుస తలకిందులు చేసి నాలుగు నెలలు ఆగిపోయాం.

అల్వాల్ గూడు:

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. మా వారు మే నెలాఖరున సామానుతో ఢిల్లీ వెళ్లిపోయారు. నేను, బెల్లం అల్వాల్‌లోనే ఉన్నాం. డాక్టరు గారు అడిగిన లెక్క రాసి చూస్తే నాకే భయం వేసింది: రెండు పూటల అన్నం కాక, ఉదయం ఇడ్లీ ముక్క, సాయంత్రం రెండు బిస్కెట్లు, రాత్రి పెరుగన్నం గిన్నె నాకడం. అవన్నీ మానిపించాను. బిస్కెట్ల డబ్బా మూత చప్పుడైతే ఇప్పటికీ వచ్చి కూర్చుంటుంది, కీర దోసకాయ ముక్క ఇస్తున్నాను. తెల్లవారుజామున అయిదింటికి వీధి చివరిదాకా నడుస్తున్నాం. నిన్న ఎక్కడా ఆగకుండా వెనక్కి వచ్చింది, నాలుక గులాబీ రంగులోనే ఉంది.

విమాన సంస్థకు ఉత్తరం రాశాను. సడలింపు గురించి నా మాట, ముందే తెలియజేయడం గురించి మెహిదీపట్నం నాన్న గారి మాట, రెండూ అందులో పెట్టాను. జవాబు ఇంకా రాలేదు.

ఈ ఉదయం మళ్లీ కిరాణా కొట్టుకు వెళ్లాం. కొట్టాయన బస్తా పక్కకు జరిపి కాటా తుడిచాడు. బ్యాగుతో కలిపి 10 కిలోల 100. సెప్టెంబరు 27, ఉదయం ఆరు లోపు బయలుదేరే విమానం చూసి పెట్టుకున్నాను.