ఏడీఎన్ నర్సింగ్: ఇండియా బీఎస్సీ ఉన్నవాళ్లు దేంతో మొదలుపెట్టాలి?

ఇర్వింగ్_వాణి
నమస్తే అండి. టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ అసోసియేట్ డిగ్రీకి (ఏడీఎన్) అప్లై చేద్దామనుకుంటున్నాను. 2011లో ఇండియాలో బీఎస్సీ మైక్రోబయాలజీ చేశాను. ఆ క్రెడిట్లు పనికొస్తాయా? రెండేళ్లలో అయిపోతుందంటున్నారు, నిజమేనా?

రాత్రిడ్యూటీ
ఆ రెండేళ్లు నర్సింగ్ కోర్సులకే అండి. అంతకుముందు అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, ఇంగ్లీష్, సైకాలజీ పూర్తి చేయాలి. వాటికి దాదాపు ఇంకో ఏడాది వేసుకోండి.

వెస్ లాంటి, విదేశీ డిగ్రీలను లెక్కగట్టే సంస్థల్లో ఎవాల్యుయేషన్ చేయిస్తే "కోర్స్ బై కోర్స్" రిపోర్టే తీసుకోండి, మామూలు రిపోర్టులో సబ్జెక్టుల క్రెడిట్లు ఉండవు. అయినా సైన్సు సబ్జెక్టులకు చాలా కాలేజీలు ఐదేళ్లో ఏడేళ్లో గడువు పెడతాయి. 2011 నాటి మైక్రోబయాలజీ మళ్లీ చదవాల్సి రావచ్చు. అడ్వైజర్‌ని ఈమెయిల్‌లో అడగండి, నోటిమాట మీద ఫీజు కట్టొద్దు.

ఎంట్రన్స్ పరీక్ష కొన్నిచోట్ల హెసి, కొన్నిచోట్ల టీస్ అని ఉంటుంది. టీస్‌లో 209 నిమిషాల్లో 170 ప్రశ్నలు.

సూదీదారం
అందరూ చివరికి వదిలేసేది టీకాల కాగితాలు. క్లినికల్స్‌కి, అంటే ఆసుపత్రిలో చేసే ప్రాక్టికల్స్‌కి, వెళ్లనిచ్చేముందు అవన్నీ చూస్తారు. హెపటైటిస్ బి మామూలుగా మూడు డోసులు, మొదటి దానికీ చివరిదానికీ మధ్య ఆరు నెలలు. సీటు వచ్చాక మొదలుపెడితే అందదు.

ఇంకొకటి, మనవాళ్లకే వచ్చే చిక్కు. చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేసి ఉంటే టీబీ చర్మపరీక్షలో టీబీ లేకపోయినా పాజిటివ్ రావచ్చు. తర్వాత ఎక్స్‌రే అనీ, డాక్టరు ఉత్తరమనీ తిరగాలి. ముందే క్వాంటిఫెరాన్ రక్తపరీక్ష అడగండి, దానికి బీసీజీతో సంబంధం లేదు.

రాత్రిడ్యూటీ
ఇది బంగారంలాంటి మాట. వాణిగారూ, ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

డ్రిప్_లెక్క
కోర్సులోకి వెళ్లాక దెబ్బకొట్టేది డోసేజ్ లెక్కల పరీక్ష. చాలా కాలేజీల్లో 90 శాతం పైన రావాలి, కొన్నిచోట్ల నూటికి నూరు. ఒక లెక్క చూడండి. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) గంటకు కిలోకు 18 యూనిట్లు, రోగి బరువు 154 పౌండ్లు, బ్యాగులో 250 మిల్లీలీటర్లలో 25,000 యూనిట్లు.

154ని 2.2తో భాగిస్తే 70 కిలోలు. 70 × 18 = 1,260 యూనిట్లు. మిల్లీలీటరుకు 100 యూనిట్లు కాబట్టి పంపు గంటకు 12.6 మిల్లీలీటర్ల దగ్గర పెట్టాలి. కిలోలకు అలవాటుపడిన చెయ్యి 154నే బరువుగా వేసేస్తుంది, 27.7 వస్తుంది. అది రెండింతలకు పైన, మనిషికి రక్తస్రావమే. అందుకే బరువు పక్కన ముందు యూనిట్ రాయండి, తర్వాతే లెక్క.

బట్టీ కూడా పనిచేయదు. నలుగురు రోగుల్లో ముందు ఎవరి దగ్గరికెళ్తారని అడుగుతారు. నొప్పి పదికి ఎనిమిది అంటున్నాయన కాదు, థైరాయిడ్ ఆపరేషనై ఊపిరి తీస్తుంటే కీచుమని శబ్దం వస్తున్నావిడ ముందు. శ్వాసదారి మూసుకుపోతే నిమిషాలే ఉంటాయి.

ఇర్వింగ్_వాణి
చాలా థాంక్స్ అండి. ఏడీఎన్ వాళ్లకి లైసెన్స్ పరీక్ష వేరేనా?

డ్రిప్_లెక్క
కాదండి, బీఎస్ఎన్ (నర్సింగ్ బ్యాచిలర్స్ డిగ్రీ) వాళ్లు రాసే ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) పరీక్షే. 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటలు. అయితే పెద్ద ఆసుపత్రులు కొన్ని బీఎస్ఎన్ అడుగుతాయి, ఉద్యోగంలో ఉంటూ ఆర్ఎన్ టు బీఎస్ఎన్ కోర్సు చేసుకోవచ్చు. కాలేజీకి ఏసీఈఎన్ (నర్సింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. గుర్తింపు లేని చోట చదివితే ఆ బీఎస్ఎన్ దగ్గరే ఇబ్బంది రావచ్చు.