మెష్ కవర్ వేసి నాలుగు నెలలు ఇండియా వెళ్తే పూల్‌లో నీళ్లు ఎంత దించాలి?

కృష్ణలంక:
మాది న్యూజెర్సీ, ఎడిసన్ దగ్గర. 16×32 అడుగుల ఇన్‌గ్రౌండ్ పూల్, లోపల వినైల్ లైనర్ (ప్లాస్టిక్ పొర), పైన మెష్ సేఫ్టీ కవర్ (నీళ్లు దిగే వల లాంటిది). నవంబరు చివర్లో విజయవాడ వెళ్లి మార్చి చివర్లో తిరిగొస్తాం. చలికి నీళ్లు గడ్డకట్టి ఏదీ పగలకుండా పైపుల్లో నీళ్లు బ్లోయర్‌తో ఊదించి, రిటర్న్‌లకు (నీళ్లు పూల్‌లోకి తిరిగొచ్చే రంధ్రాలకు) రబ్బరు ప్లగ్గులు బిగించి, స్కిమ్మర్‌లో (పైనున్న చెత్తను లాగే, గోడలోని పెట్టెలో) గిజ్మో (బోలు ప్లాస్టిక్ గొట్టం) పెట్టించాం. నీళ్లు స్కిమ్మర్ మూతికి 6 అంగుళాల కింద ఉన్నాయి. సరిపోతుందా? ఇంకా దించితే మధ్యలో ఎవరూ చూడకపోయినా పర్లేదా?

పంపుసెట్టు:
6 చాలదండీ. మెష్ కవర్ అంటే వాన, కరిగిన మంచు అంతా లోపలికే పోతుంది. మన దగ్గర చలికాలంలో నెలకు సుమారు 3–4 అంగుళాల నీళ్లు పడతాయి (పది అంగుళాల మంచు కరిగితే సుమారు ఒక అంగుళం నీళ్లు). మీరు వెళ్లిన రెండు నెలలకే మూతిలోకి వచ్చేస్తాయి. 15 అంగుళాలు దించేసి నిశ్చింతగా వెళ్లండి. ఎవర్నీ అడగక్కర్లేదు.

నీటిమట్టం:
వినైల్ లైనర్‌కి 15 చెప్పకండి దయచేసి. లైనర్‌ని గోడకు అదిమిపెట్టేది లోపలి నీళ్ల బరువే. బయట నేలలో నీరు పెరిగి లోపల తగ్గితే వెనకనుంచి నీరు చేరి లైనర్ ఊడి తేలుతుంది. చలికి వినైల్ బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి మళ్లీ సర్దబోతే మూలల్లో చిరుగుతుంది. రెండోది, కవర్. మంచు బరువుకి కవర్ కిందికి దిగి నీళ్లమీద ఆనాలి. కవర్‌కీ నీటికీ మధ్య 18 అంగుళాలు దాటితే ఆ బరువంతా స్ప్రింగులూ పట్టీలూ మోయాలి, డెక్‌లో (పూల్ చుట్టూ ఉన్న గచ్చులో) దించిన యాంకర్లు పైకి లేస్తాయి. 9 అంగుళాలు చాలు.

భీమవరం_అల్లుడు:
సాలిడ్ కవర్ (నీళ్లు దిగనిది) కొనుక్కుంటే ఈ గొడవే ఉండదుగా.

నీటిమట్టం:
ఉంటుంది. డ్రెయిన్ ప్యానెల్ (నీళ్లు దిగే వల ముక్క) లేని సాలిడ్ కవర్ పైన నీళ్లు నిలుస్తాయి, పైన కవర్ పంప్ పెట్టాలి. జీఎఫ్‌సీఐ ప్లగ్గు (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేది) ఒక్కసారి ట్రిప్ అయిందంటే మీరు విజయవాడలో ఉండగా దాన్ని నొక్కేవాళ్లు ఎవరు? పంప్ మంచులో బిగుసుకుంటే బాడీ పగులుతుంది. చిన్నపిల్లలు మునగడానికి కొద్ది అంగుళాల నీళ్లు చాలు, కవర్ మీద నిలిచిన నీళ్లయినా సరే.

పంపుసెట్టు:
9కి, 15కి అంత తేడా ఏముంది? 9 అయితే ఫిబ్రవరి మధ్యకల్లా నిండుతుంది. అప్పుడు ఎవరు వస్తారు? లెక్క వేసి చెప్తున్నాను. 16×32 పూల్‌లో అంగుళం అంటే 320 గ్యాలన్లు. పొరుగాయన వచ్చి మంచులో నిలబడి తోడతాడా?

తాళంచెవి:
మీ 15 ఎక్కణ్ణుంచి కొలుస్తున్నారు? మూతి పై అంచా, కింది అంచా?

పంపుసెట్టు:
పై అంచు. ఎవరైనా అక్కణ్ణుంచేగా కొలుస్తారు.

నీటిమట్టం:
ఎవరూ కొలవరు! గడ్డకట్టే నీళ్లు లోపలికి దూరేది కింది అంచు మీదుగా. మూతి ఎత్తే 6 అంగుళాలు. డెక్ నుంచి పై అంచుకు 3, కింది అంచుకు 9. మీ 15 అంటే డెక్ నుంచి 18. నేను చెప్పిన 9 అన్నా అదే 18. ఇంతసేపూ ఒకే గీత కోసం కొట్టుకున్నాం.

పంపుసెట్టు:
అయితే నేను చెప్పిందే కరెక్ట్.

నీటిమట్టం:
మట్టం వరకే. "ఎవరూ చూడక్కర్లేదు" అన్నది తప్పు. ఫిబ్రవరిలో నీళ్లు మూతిలోకి వస్తాయని మీరే రాశారు.

పంపుసెట్టు:
వస్తే గిజ్మో ఉంది కదా. మంచు ఉబ్బితే అది నలుగుతుంది, స్కిమ్మర్ పగలదు. పైన గులాబీ రంగు పూల్ యాంటీఫ్రీజ్ ఒక గ్యాలన్ పోయండి, ప్రొపిలీన్ గ్లైకాల్‌ది. కార్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ మాత్రం వద్దు, అది విషం. ఇంకా భయమైతే మూతికి అక్వాడోర్ మూత బిగించండి.

నీటిమట్టం:
గిజ్మో కాపాడేది స్కిమ్మర్ గొంతును. మూతి చుట్టూ ఉన్న ఫేస్‌ప్లేట్‌ని (చట్రాన్ని), గాస్కెట్‌ని (నీళ్లు కారకుండా వేసే పొరని) మంచు పట్టుకుని లాగితే గిజ్మో ఏం చేస్తుంది? అక్వాడోర్ మంచిదే, ఒప్పుకుంటాను. కానీ అంచు సరిగ్గా పట్టకపోతే చుక్క చుక్కగా కారి స్కిమ్మర్ నిండుతుంది. గిజ్మో తీసేయకుండా పెట్టుకోవాలి. ఏది పెట్టినా నెలకోసారి ఒక మనిషి చూడాల్సిందే.

తాళంచెవి:
ఆ ఒక మనిషి ఎవరండీ? ప్రతి చలికాలం వాళ్లూ వీళ్లూ తాళాలు నా చేతిలో పెట్టి "జస్ట్ ఒకసారి చూడండి" అని విమానం ఎక్కుతారు. చూడటం అంటే ఏమిటో తెలుసా? గడ్డకట్టని రోజు చూసుకుని, మూలన రెండు పట్టీలు రాడ్‌తో వదులు చేసి, పంప్ దించి, తోట గొట్టంతో రెండు మూడు గంటలు తోడాలి. ఆ నీళ్లు నడిచే దారి మీదికి పోతే రాత్రికి గడ్డకడతాయి. తర్వాత గొట్టం ఖాళీ చేయాలి, పట్టీలు మళ్లీ బిగించాలి. మూల తెరిచి ఉండగా పక్కింటి పిల్లాడు వస్తే ఎవరిది బాధ్యత? పైగా "మంచు పగలగొట్టండి" అని ఫోన్లో సలహాలు. పగలగొడితే లైనర్‌కి చిల్లు.

పంపుసెట్టు:
నేను మొదట్నుంచీ అంటున్నది అదే. మొహమాటపెట్టి జనం చేత పని చేయించుకోకూడదు. అందుకే ఎవరూ అక్కర్లేకుండా వెళ్లమన్నాను.

నీటిమట్టం:
ఎవరూ లేకుండా వదిలితే ఆ నష్టం ఎవరు కడతారు? చాలా ఇంటి బీమా పాలసీల్లో గడ్డకట్టడం వల్ల పూల్‌కి జరిగే నష్టం మినహాయింపుల్లోనే ఉంటుంది. ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉంటే మరిన్ని షరతులు. మొహమాటం వద్దంటే డబ్బులిచ్చి మనిషిని పెట్టుకోవాలి, పనే లేదని చెప్పడం కాదు.

పంపుసెట్టు:
డబ్బులిస్తే స్నేహితులు తీసుకోరు, బాధపడతారు.

తాళంచెవి:
నేను తీసుకుంటాను. అడిగినవాళ్లు లేరు.

భీమవరం_అల్లుడు:
🙏

నీటిమట్టం:
కృష్ణలంక గారూ, కింది అంచు నుంచి 9 అంగుళాలకు దించండి. పూల్ మూసిన కంపెనీనే జనవరి చివర్లో ఒకసారి, మార్చి మొదట్లో ఒకసారి వచ్చి తోడమని ఇప్పుడే రాయించుకోండి, చలికాలం మధ్యలో అడిగితే దొరకరు. పక్కింటివాళ్లని అడగాల్సింది ఒక్కటే: కవర్ పట్టీ ఏదైనా ఊడిందా అని కంచె బయటనుంచి చూసి ఫొటో పంపమని. మెష్ లోంచి ఎండ పడుతుంది కాబట్టి వచ్చాక ఆలస్యం చేయకండి. నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకముందే తెరిచి క్లోరిన్ వేస్తే పాచి పట్టదు.

కృష్ణలంక:
ఇప్పుడున్నది కింది అంచు నుంచి 6, ఇంకో 3 దించిస్తాను. కంపెనీకి ఫోన్ చేశాను, ఒక్కో రాకకు విడిగా రేటు చెప్పారు. తాళంచెవి గారూ, మీరు మా వైపే ఉంటే ఆ రేటు మీకే ఇస్తాను, మెసేజ్ పెట్టండి.

పంపుసెట్టు:
పంప్ బాడీ కింద డ్రెయిన్ ప్లగ్గులు తీశారో లేదో కూడా చూసుకోండి. తీసినవి పంప్ బుట్టలోనే వేసి ఉంచండి, వసంతంలో వెతుక్కోనక్కర్లేదు.