ఒలీవియా న్యూటన్-జాన్‌ని కంట్రీ గాయని అనొచ్చా?

పాతక్యాసెట్: ఆగస్టు 8 వస్తే నాకు రోజంతా ఒలీవియా పాటలే. 2022లో ఇదే రోజున, 73 ఏళ్ళకి వెళ్ళిపోయింది. నిన్న ఒకాయన "ఆవిడది ఉత్త పాప్, అమెరికా పల్లెపాటల్లోంచి వచ్చిన కంట్రీ బాణీ అనకండి" అన్నాడు. మనసు చివుక్కుమంది. 'లెట్ మీ బీ దేర్'కి 1974లో గ్రామీ ఇచ్చింది కంట్రీ విభాగంలోనే కదా!

డప్పుమోత: ఆయన అన్నది నిజమే అన్నా. అదే ఏడు కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గాయని అవార్డు కూడ ఆమెకే ఇచ్చిన్రు, డాలీ పార్టన్, లొరెట్టా లిన్ అసొంటి అమెరికా కంట్రీ గాయనులు ఉండంగ! ఒలీవియా ఇంగ్లండుల పుట్టి మెల్‌బోర్న్‌ల పెరిగిన మనిషాయె. అప్పుడే కంట్రీ పాటగాళ్ళు జార్జ్ జోన్స్, టామీ వైనెట్ ఇంట్ల కంట్రీ కళాకారులు కూడి వేరే సంఘం పెట్టుకున్నరు. ఊకెనే పెట్టుకుంటరా?

రాగమాలిక: డాలీ సొంత చెల్లెలు స్టెల్లానే ఒలీవియా పక్షాన పాట పాడి రికార్డు వేసింది, ఆ సంగతి చెప్పరేం? 1976లో ఒలీవియా కంట్రీకి పుట్టిల్లు లాంటి అమెరికా ఊరు నాష్‌విల్ వెళ్ళి ఆల్బమ్ చేసింది.

డప్పుమోత: 1976 అంటే అవార్డు వచ్చినంక రెండేండ్లకు. నేనంటున్నది 1974 ముచ్చట.

రాగమాలిక: 1971లోనే ఒలీవియా 'బ్యాంక్స్ ఆఫ్ ది ఒహాయో' పాడింది. అమెరికా పల్లెల పాత కథాగేయం. వెనకాల ఆ బేస్ (మంద్ర స్థాయి) గొంతు వినండి, కంట్రీ కాకపోతే ఏమిటది?

డప్పుమోత: ఆ గొంతు మైక్ సామ్స్‌ది. ఆయనా ఇంగ్లండోడే.

గాలివాన: ఒలీవియా పాట 'ఫిజికల్' అమెరికాలో 10 వారాలు నంబర్ వన్. అదీ కంట్రీయేనా?

రాగమాలిక: అది 1981. ఇక్కడ ఆ మాటే లేదు.

యారానది: నేనుండేది మెల్‌బోర్న్‌లో. 1992లో ఆవిడకి రొమ్ము క్యాన్సర్ బయటపడింది. తర్వాత ఇక్కడి ఆస్టిన్ ఆసుపత్రిలో క్యాన్సర్ కేంద్రం కోసం ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేసింది. మాకు ఆవిడంటే అదీ.

డప్పుమోత: మంచి మనిషే, ఎవరు కాదన్నరు? కాని ఆ నేల మీద పుట్టనోళ్ళకు ఆ పాట పాణం తెలుస్తదా?

రాగమాలిక: ఇదే మాట విన్నాను నేను! మా అమ్మాయి న్యూజెర్సీలో పుట్టింది. తెలుగు పాటల పోటీలో శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. 'ళ' సరిగ్గా పలకలేదట, "ఇక్కడి పిల్ల కదా" అని పక్కన పెట్టేశారు. ఏడాదిపాటు పాట మాటెత్తలేదు. మీరూ ఆ జడ్జీలాగే మాట్లాడుతున్నారు.

పాతక్యాసెట్: కాస్త నెమ్మదించండి ఇద్దరూ.

డప్పుమోత: అక్కా, బిడ్డ సంగతి విని మస్తు బాధైంది. నా బాధ కూడ ఇను. మా తాత ఒగ్గుకథ చెప్పేటోడు. ఒక సభల ఎవరో పెద్ద గాయకులొచ్చి తాత పాటనే పాడిన్రు. మంచిగనే పాడిన్రు. శాలువ కప్పిన్రు, ఫొటోలు దిగిన్రు. తాత ఆఖరి వరుసల కూసున్నడు. ఒక్కలు పిలువలె. ఇంటికొచ్చి అన్నం ముట్టలె. ఒలీవియా మీద నాకేం కోపం లేదు. శాలువ కాడనే నా లొల్లి.

రాగమాలిక: మరి తప్పు పిలవనివాళ్ళది, పాడినవాళ్ళది ఎలా అవుతుంది? 1975లో, 1976లో అదే అవార్డు డాలీకే వచ్చింది. ఆవిడ చోటు ఎవరూ లాక్కోలేదు.

డప్పుమోత: డాలీకి వచ్చింది. పేరు తెలవనోళ్ళకు?

రాగమాలిక: తమ్ముడూ, మీ తాతగారి పాట రికార్డు ఉంటే పంపండి. మా అమ్మాయికి వినిపిస్తాను.

డప్పుమోత: లేదక్కా. ఎవ్వరూ రికార్డు చెయ్యలె.