వేలిముద్ర పడని చేతులు: రేషన్ మిషన్, ఓటీపీ, సిగ్నల్ కష్టాలపై చర్చ

పాలకొల్లు ఆడపడుచు:
అందరికీ నమస్కారమండి. మా అమ్మ భీమవరం దగ్గర ఒక రొయ్యల షెడ్డులో పదకొండేళ్ళుగా తలలు తీసి పొట్టు వలిచే పని చేస్తోంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఐసు నీళ్ళలో చేతులు నానడం వల్ల, రొయ్య ముళ్ళు గుచ్చుకోవడం వల్ల ఆమె వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయాయి. నాన్నగారు పోయి, నేను అత్తవారింటికి వచ్చేశాక రైస్ కార్డులో ఆమె పేరు ఒక్కటే మిగిలింది. అంటే నెలకు 5 కిలోల బియ్యం. ఆ 5 కిలోల కోసం ఈ నెల మూడుసార్లు డిపోకు వెళ్ళింది, మూడు పూటల కూలి పోయింది, మిషన్ మాత్రం వేలిముద్ర తీసుకోలేదు. ఓటీపీతో ప్రయత్నిద్దామంటే ఆధార్‌లో ఉన్నది నాన్నగారి పాత ఫోను నంబరు. రీచార్జి లేక అది ఎప్పుడో ఆగిపోయింది. "నీ వేలు నీది కాదంటోందమ్మా" అని వరుసలో ఎవరో అన్నారట. ఆ మాట నాకు చెబుతూ అమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది.

ఇటువంటి ఇబ్బంది ఎదురైనవారు ఏం చేశారో దయచేసి వివరంగా రాయండి. రాజకీయం వద్దని మాత్రం అనకండి. బియ్యం కన్నా పెద్ద రాజకీయం మా ఇంట్లో లేదు. తాను తానేనని మా అమ్మ మిషన్‌కు రుజువు చేసుకోవాలి గానీ, మిషన్ పొరబడితే ఎవరూ ఆమెకు జవాబు చెప్పనక్కరలేదన్న పద్ధతి నాకు అన్యాయంగా తోస్తోంది.

తణుకు నెట్ సెంటర్:
మీ అమ్మగారి సంగతి చదివి బాధ కలిగిందమ్మా. నేను చాలా ఏళ్ళుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను, ఈ పని మీద రోజూ ఎవరో ఒకరు వస్తారు. అన్నిటికన్నా ముందు మిషన్ తెర మీద కనిపించే మూడంకెల సంఖ్యను రాసుకోవాలి. డీలరు "పడలేదు" అని ఒక్క మాటలో చెప్పేస్తారు గానీ, ఎందుకు పడలేదన్నది ఆ సంఖ్యలోనే ఉంటుంది. 300 అంటే వేలిముద్ర ఆధార్‌లో ఉన్నదానితో సరిపోలలేదని, 330 అంటే ఆధార్ ఉన్న మనిషే బయోమెట్రిక్స్‌కు (వేలిముద్ర, కంటిపాప గుర్తులకు) తాళం వేసుకున్నారని, 811 అంటే ఆ మనిషి వేలిముద్ర అసలు ఆధార్ భాండాగారంలోనే లేదని అర్థం. మూడింటికీ మందు వేరు, మూడింటికీ "మళ్ళీ రేపు రండి" అనే చెబుతున్నారు.

330 గురించి ఒక ఉదాహరణ చెబుతాను. వేలిముద్రల నకళ్ళు తయారుచేసి ఆధార్ చెల్లింపుల దారిలో బ్యాంకు ఖాతాల నుంచి డబ్బు కాజేస్తున్నారని విని, హైదరాబాదులో ఉద్యోగం చేసే ఒకబ్బాయి ఊళ్ళో ఉన్న తండ్రి ఆధార్‌కు తాళం వేశాడు, కానీ తండ్రికి చెప్పడం మరిచిపోయాడు. ఆ పెద్దాయన రెండు నెలలు బియ్యం లేకుండా తిరిగి, చివరకు తన వేళ్ళే పాడయ్యాయనుకుని నా దగ్గరకు వచ్చారు. ఆధార్ సంస్థ యాప్‌లో ఆ తాళాన్ని కాసేపు తీయవచ్చు. డిపో దగ్గర తన వంతు వచ్చినప్పుడు తీసి, ఆ వెంటనే వేలు పెడితే సరిపోతుంది. తాళం వేయడం మంచి పనే, ఇంట్లో అందరికీ చెప్పి వేయాలి.

మీ అమ్మగారిది బహుశా 300 అయి ఉంటుంది. పని నుంచి నేరుగా డిపోకు వెళ్ళవద్దని చెప్పండి. నాని ముడతలు పడ్డ చర్మమూ, ఎండి పగిలిన చర్మమూ రెండూ మిషన్‌కు అందవు. సెలవు రోజు ఉదయం సబ్బుతో జిగురు పోయేలా కడుక్కుని, ఆరాక ఒక్క చుక్క కొబ్బరినూనె రాసి, శుభ్రంగా తుడుచుకుని వెళ్ళమనండి. మిషన్ అద్దం కూడా గుడ్డతో తుడవమని అడగండి, ముందు వందమంది పెట్టిన చెమట దాని మీదే ఉంటుంది. బొటనవేలితోనే ఆగిపోకుండా పది వేళ్ళూ ప్రయత్నించాలి. వలిచే పనిలో బొటనవేలూ చూపుడువేలూ ముందు అరుగుతాయి, ఉంగరపు వేలు చాలామందికి పనిచేస్తుంది. బయోమెట్రిక్స్ కొత్తగా ఇవ్వాలంటే ఆధార్ కేంద్రంలో 125 రూపాయలు తీసుకుంటారు, కానీ అరిగిన వేళ్ళతో ఇచ్చే కొత్త ముద్ర కూడా అరిగినదే కాబట్టి నేను దాన్ని ఆఖరి మార్గంగానే చెబుతాను.

అంబాజీపేట పీచు:
మాది కొబ్బరి పీచు పనండి, మా వీధిలో సగం మందికి వేలిముద్ర పడదు. మాకు కుదిరింది కంటిపాప. కంటిపాపను చూసే ఐరిస్ పరికరం మా డిపోలో ఉన్నా అట్టపెట్టెలోనే ఉంచారు, పదిమందిమి కలిసి అడిగాక బయటికి తీశారు. ఎండలో నిలబడి చూపిస్తే తీసుకోదు. నీడలోకి వచ్చి, కళ్ళజోడు తీసి, కళ్ళు బాగా తెరవాలి. మీ అమ్మగారి డిపోలో లేకపోతే పరికరం ఉన్న మరో డిపోకు వెళ్ళండి, మన రాష్ట్రంలో ఏ డిపోలోనైనా తీసుకోవచ్చు.

రామచంద్రపురం మాస్టారు:
నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. ఈ చర్చలో అందరూ మిషన్‌ను తప్పుపడుతున్నారు గనుక రెండో వైపు కూడా చెప్పవలసిన బాధ్యత నాకుందనుకుంటున్నాను. మా చిన్నతనంలో డిపో తలుపు మీద "స్టాకు లేదు" అన్న పలక నెలలో ఇరవై రోజులు వేలాడేది. అదే బియ్యం రాత్రి పూట పడవల మీద కాలువ దాటేది. చనిపోయినవారి పేర కార్డులు నడిచేవి, వాటి మీద సంతకాలు పడేవి, అడిగినవారికి మర్నాటి నుంచి కిరసనాయిలు దొరికేది కాదు. 2012లో ఆధార్‌తో రేషన్ ఇచ్చే పద్ధతిని ప్రయోగాత్మకంగా మన తూర్పు గోదావరి జిల్లాలోనే మొదలుపెట్టినప్పుడు నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. మనిషి రాకుండా మనిషి పేర బియ్యం ఎత్తుకుపోవడం అంత సులువు కాకుండా చేసింది ఈ మిషనే. అందుకే దీన్ని తీసివేయాలనే మాటతో నేను ఏకీభవించలేను. బాగు చేయాలనే మాటతో ఏకీభవిస్తాను.

నరసాపురం లా విద్యార్థిని:
మాస్టారుగారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెబుతున్నాను. మిషన్ తీసివేయమని ఇక్కడ ఎవరూ అడగలేదండి. అది కాదన్నప్పుడు బియ్యం ఆపవద్దని అడుగుతున్నాము, ఆ మాట ప్రభుత్వమే కాగితం మీద రాసి ఇచ్చింది. జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో రేషన్ అందని ఇంట ఒక బాలిక మరణించిందన్న వార్త దేశాన్ని కదిలించిన తరువాత, 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార, ప్రజాపంపిణీ శాఖ అన్ని రాష్ట్రాలకూ ఆదేశాలు పంపింది. ఆధార్ లేదని గానీ, వేలిముద్ర సరిపోలలేదని గానీ, నెట్‌వర్క్ అందలేదని గానీ అర్హులకు సరుకు నిరాకరించకూడదని, అటువంటివారికి వేరే గుర్తింపు చూసి ఇచ్చి, ఆ వివరాలను మినహాయింపుల రిజిస్టరులో విడిగా రాయాలని అందులో ఉంది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ చట్టాన్ని సమర్థించిన తీర్పులో కూడా, వేలిముద్ర సరిపోలని కారణంగా అర్హులు ప్రయోజనాలు కోల్పోరాదన్న ఆందోళన స్పష్టంగా కనిపిస్తుంది.

కాబట్టి పాలకొల్లు అక్కగారూ, ఈసారి డిపోకు వెళ్ళినప్పుడు మీరు కూడా అమ్మగారితో వెళ్ళండి. మినహాయింపుల రిజిస్టరులో రాసి ఇవ్వమని అడగండి. కాదంటే 1967 నంబరుకు ఫోను చేసి, ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. ఆ పైన 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు, వారికి కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. హక్కుగా రావలసిన ధాన్యం ఇవ్వకపోతే ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని అదే చట్టంలోని 8వ సెక్షను చెబుతోంది. చట్టం ఇంత స్పష్టంగా ఉండగా, దాన్ని డిపో గోడ మీద రెండు వాక్యాలుగా రాయించలేకపోవడం ఏ పార్టీ అధికారంలో ఉన్నా మారని నిర్లక్ష్యమని నా అభిప్రాయం.

లంకవాసి:
పి.గన్నవరం వైపు గోదావరి పాయల మధ్య ఉన్న లంక మాది. మీ చర్చంతా వేళ్ళ గురించి నడుస్తోంది, మాకు వేళ్ళు బాగానే ఉన్నాయి, సిగ్నలే ఉండదు. ధవళేశ్వరం దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు. ఆ తరువాత మా ఊరి కాజ్‌వే మునిగితే కరెంటు తీసేస్తారు, టవరు బ్యాటరీ కొన్ని గంటలే ఉంటుంది, ఆ పైన ఫోను, మిషన్, బ్యాంకు అన్నీ ఒకేసారి మూగబోతాయి. 2022 జులై వరదలో 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు పడవ మీద వచ్చిన బియ్యాన్ని వేలిముద్ర లేకుండా, పేరు పిలిచి పంచారు. అప్పుడు ఏ ఇంటికి ఎంత చేరిందో ఊరంతా కళ్ళతో చూసింది, ఒక్క తగాదా రాలేదు. అందుకే పేరు పిలిచి ఇవ్వడం అసాధ్యమని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఇంకొకటి కూడా రాయాలి. అదే ఏడాది మే 24 నాటి అల్లర్ల తరువాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఆ రోజుల్లో ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే మా ఊరి పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని, సిగ్నల్ అందే చోటు కోసం ఏటిగట్టు వెంట తిరిగారు. అల్లర్లు తప్పు, దానిలో నాకు రెండో మాట లేదు. కానీ బియ్యం నుంచి పింఛను దాకా అన్నిటినీ నెట్‌కు కట్టేసిన ప్రభుత్వం, ఆ నెట్‌ను ఒక్క ఉత్తర్వుతో కోయడం న్యాయం కాదు. ఇంటర్నెట్‌ను నిరవధికంగా ఆపకూడదని, ఆపే ఉత్తర్వులను బయటపెట్టాలని 2020 జనవరిలోనే సుప్రీంకోర్టు చెప్పింది.

రావులపాలెం సెల్ రిపేర్లు:
ఓటీపీ సంగతి ఎవరూ పట్టించుకోలేదు గనుక నేను రాస్తున్నాను. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే నంబరు రద్దవుతుంది, కొంతకాలానికి దాన్ని వేరేవారికి ఇస్తారు. అంటే మీ నాన్నగారి నంబరు ఈపాటికి ఎవరి చేతిలోనో ఉండవచ్చు, మీ అమ్మగారి ఓటీపీలు అక్కడికి వెళుతూ ఉండవచ్చు. ఇది బియ్యం కన్నా ముందు సరిచేయవలసిన విషయం. ఆధార్ కేంద్రానికి అమ్మగారే స్వయంగా వెళ్ళి, 75 రూపాయలు కట్టి కొత్త నంబరు ఇవ్వాలి. దీనికి వేరే కాగితాలేమీ అక్కరలేదు. సిమ్‌లో 20 రూపాయల బ్యాలెన్సు ఉంచితే 90 రోజుల తరువాత కూడా ఆ సొమ్ము తీసుకుని మరో 30 రోజులు నంబరు నిలుపుతారు.

2024 జులైలో రీచార్జి ధరలు పెరిగాక, ఫోనులో మాట్లాడవలసిన వారెవరూ లేని ముసలివారు కూడా కేవలం ఓటీపీ కోసం నెలనెలా కట్టవలసి వస్తోంది. ఉచిత బియ్యం తీసుకోవడానికి రీచార్జి కొనాలంటే ఆ బియ్యం పూర్తిగా ఉచితం కాదు. ప్రభుత్వ సేవల ఓటీపీలు అందుకునేందుకు చాలినంత కనీస సిమ్‌ను ఉచితంగా ఇవ్వాలన్నది నా డిమాండు.

డిపో నడిపేవాణ్ణి:
ఊరి పేరు చెప్పలేనండి. మమ్మల్ని దొంగలన్నట్టు మాస్టారుగారు రాసిన మాట బాధించింది, కానీ పాతరోజుల గురించి ఆయన అబద్ధం చెప్పలేదు. నెల మొదట్లో సర్వరు నిదానిస్తే ఒక్కొక్కరికి పావుగంట పడుతుంది, వరుసలో ఉన్నవారు తిట్టేది నన్నే. మినహాయింపుగా ఇస్తే తనిఖీకి వచ్చినవారు "వీళ్ళకే ఎందుకు ఇచ్చావు" అని నన్నే నిలదీస్తారు. అందుకే మాలో చాలామంది ఆ రిజిస్టరు తెరవరు. ఇచ్చినందుకు సంజాయిషీ అడుగుతారు గానీ, ఇవ్వనందుకు ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

రామచంద్రపురం మాస్టారు:
డీలరుగారూ, మీ చివరి వాక్యం నన్ను ఆలోచనలో పడేసింది. దొంగతనం ఆపాలన్న పట్టుదలలో, బియ్యం అందనివారి లెక్క ఎవరూ తీయడం లేదన్న సంగతి నేను గమనించలేదు. ప్రతి డిపోలో ఆ నెల వేలిముద్ర పడక వెనుదిరిగినవారి సంఖ్యను గ్రామసభలో చదవాలని కలెక్టరుగారికి రాసి పంపుతాను. లా చదివే అమ్మాయి ఆ ఆదేశం నకలు ఇస్తే జతచేస్తాను.

పాలకొల్లు ఆడపడుచు:
అందరికీ కృతజ్ఞతలండి. ఆదివారం అమ్మతో కలిసి వెళ్ళాను. వచ్చిన సంఖ్య 300. తొమ్మిది వేళ్ళు కాదన్నాయి, ఎడమ చేతి ఉంగరపు వేలు మూడోసారికి పడింది. 5 కిలోలు ఇచ్చారు. ఏ వేలో డీలరుగారు కార్డు వెనుక రాసి పెట్టారు. రిజిస్టరు గురించి అడిగితే ఆయన కాసేపు మౌనంగా ఉండి, అది మండల కార్యాలయంలో ఉందన్నారు. 1967కు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకున్నాను. నంబరు మార్చడానికి బుధవారం ఆధార్ కేంద్రానికి వెళుతున్నాము, దానికి అమ్మకు మరో పూట కూలి పోతుంది.