బొటనవేలు వెనక్కి వంగితే డబ్బు నిలవదా?

విడవలూరు వాసి:
అందరికీ నమస్తే. మా బావమరిది మైపాడు వైపు మూడెకరాల రొయ్యల గుంట లీజుకు తీసుకున్నాడు. ఎనిమిది లక్షలు పెట్టి సగం వాటాకి రమ్మంటున్నాడు. మొన్న ఆ మాట మాట్లాడటానికి ఇంటికొచ్చినప్పుడు మా నాయనకు తెలిసిన ఒక పెద్దాయన కూడా ఉన్నాడు, చేతులు చూసి చెబుతాడు. బావమరిది చేయి కూడా సరదాగా చూశాడు. అతను వెళ్లాక అసలు సంగతి చెప్పాడు. బొటనవేలు విల్లులా వెనక్కి వంగుతోంది, డబ్బు నిలవదు. వేళ్లు దగ్గర పెట్టినా సందులు కనిపిస్తున్నాయి, దోసిట్లో నీళ్లు కారిపోయినట్టే. పైగా మాట్లాడినంత సేపూ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, ఏదో దాస్తున్నాడు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. వేళ్లను బట్టి మనిషి గుణం తెలుస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

సాముద్రికం ఒంగోలు:
పెద్దాయన తప్పు చెప్పలేదు, సగమే చెప్పాడు. బొటనవేలిలో గోరున్న కణుపు పట్టుదల, రెండోది తర్కం, అడుగున ఉబ్బెత్తుగా ఉండేది శుక్రస్థానం, అంటే ప్రేమ, మమకారం. వేలు వెనక్కి వంగేవాడికి చేయి పెద్దది, నలుగురితో కలిసిపోతాడు, ఖర్చు మీద అదుపుండదు. కర్రలా బిగిసి ఉంటే మొండి, పొదుపరి. చూపుడు వేలు గురుడు, మధ్యవేలు శని, ఉంగరపు వేలు రవి, చిటికెన వేలు బుధుడు. ఉంగరపు వేలు మధ్యవేలితో ఇంచుమించు సమానంగా ఉంటే జూదం, సాహసం. మీ బావమరిదికి అది ఎలా ఉందో చూశారా? రొయ్యల సాగులో అదే ముఖ్యం. చిటికెన వేలు ఉంగరపు వేలి పైకణుపు దాటితే మాటకారి, నమ్మించగలడు. ఇక చేతులు దాచడం అంటే మనసు దాచడం. గుప్పిట బిగించి బొటనవేలు లోపల పెట్టుకునేవాడు పిరికివాడు. ఒక్క లక్షణంతో తీర్పు చెప్పకూడదు. ఇక్కడ మూడు కలిశాయి కాబట్టి ఆలోచించుకోండి.

కావలి కుర్రోడు:
రొయ్యలకు వైట్ స్పాట్ జబ్బు వస్తుందో రాదో కూడా చూస్తారేమో అడగండన్నా. కాకపోతే వాటికి వేళ్లుండవు.

బ్యారన్ మంట:
పుట్టిన పసిబిడ్డలు చాలామంది బొటనవేలు గుప్పిట్లోనే పెట్టుకుంటారు. వాళ్లందరూ పిరికివాళ్లేనా?
వేలు వంగడం, వంగకపోవడం కీలు సంగతి. నాది వంగుతుంది, మా తమ్ముడిది వంగదు. ఇద్దరిలో అప్పుల్లో ఉన్నది వాడు. సరే, అది పక్కన పెట్టండి. 1948లో ఫోరర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఇదిగో మీ గుణం అని తలా ఒక కాగితం ఇచ్చాడు. అందరికీ ఇచ్చింది ఒకటే. అందులో మాటలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోవి. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. రే హైమన్ అనే ఇంకొకాయన కుర్రతనంలో చేతులు చూసి డబ్బులు సంపాదించాడు. స్నేహితుడు చెప్పాడని ఒకసారి రేఖలు చెప్పేదానికి పూర్తిగా తిరగేసి చెప్పి చూశాడు. జనం అంతే బాగా కుదిరిందన్నారు. తర్వాత ఆయన కూడా మనస్తత్వ శాస్త్రవేత్తే అయ్యాడు.

పొదలకూరు నిమ్మ:
సైన్సులో కూడా ఉంది కదండీ. ఉంగరపు వేలు, చూపుడు వేలు పొడవుల నిష్పత్తికి గర్భంలో ఉన్నప్పటి హార్మోన్లకు సంబంధం ఉందని 1998లో మానింగ్ వాళ్లు రాశారు.

బ్యారన్ మంట:
అది గుంపుల సగటు. సగటున మగవాళ్లకు చూపుడు వేలితో పోలిస్తే ఉంగరపు వేలు కాస్త పొడుగు, నిజమే. కానీ ఆడ, మగ రెండు గుంపులూ చాలావరకు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక మనిషి వేలు చూసి వాడు డబ్బు ఎగ్గొడతాడని అందులో ఎక్కడా లేదు.

సాముద్రికం ఒంగోలు:
అమెరికా వాళ్లు చూసింది రేఖలు. ఇక్కడ మనం మాట్లాడేది వేళ్లు. విడవలూరు వాసి గారూ, పెద్దాయన కుడి చేయి చూశారా, ఎడమ చేయి చూశారా? మగవాళ్లకు కుడిదే చూడాలి. సందులు చూసేటప్పుడు వేళ్లు బిగించకుండా, ఊరికే ఆనించి, వెలుతురుకు అడ్డంగా పెట్టించాలి.

విడవలూరు వాసి:
కుడి చేయే. కానీ మావాడిది ఎడమచేతి వాటం.

సాముద్రికం ఒంగోలు:
అలాగైతే లెక్క మారుతుంది! ఏ చేత్తో పని చేస్తాడో ఆ చెయ్యి చూడాలని కొందరు, కాదు మగవాడికి కుడిదేనని కొందరు అంటారు. మా తాతగారు రెండూ చూసేవారు.

పొదలకూరు నిమ్మ:
అన్నం ఏ చేత్తో తింటాడు?

విడవలూరు వాసి:
కుడి చేత్తోనే. చిన్నప్పుడు మా అత్తగారు కొట్టి మాన్పించారంట. వల మాత్రం ఎడమ చేత్తోనే విసురుతాడు.

బ్యారన్ మంట:
ఎనిమిది లక్షల సంగతి గాలికి వదిలేసి ఇప్పుడు అన్నం దగ్గరకు వచ్చారు.

సాముద్రికం ఒంగోలు:
మీకు వెటకారం. కీళ్ల దగ్గర ముడులున్న వేళ్లు ఆలోచనాపరుల లక్షణం, నునుపైన వేళ్లు ఆవేశపరులవి. మీవి నునుపుగా ఉంటాయని రాసిస్తాను.

బ్యారన్ మంట:
ముడుల సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నా. ఆ లెక్క మీ తాతగారిదీ కాదు, మన శాస్త్రానిదీ కాదు. చేతుల్ని ఏడు రకాలుగా విడగొట్టి, ముడులున్న చేయి తత్వవేత్తదని చెప్పింది దార్పెంటినీ అనే ఫ్రెంచి సైనికాధికారి. తర్వాత చేతులు చూసి చెప్పడంలో పేరుపడ్డ కీరో పుస్తకాల్లోంచి మన బస్టాండుల్లోకొచ్చింది.
మా అమ్మకు పది వేళ్లకూ ముడులున్నాయి. టంగుటూరు దగ్గర ముప్పై ఏళ్లు పొగాకు ఆకు కర్రలకు అల్లింది, గ్రేడింగ్ చేసింది. తత్వం వల్ల కాదు, కీళ్లవాతం వల్ల వచ్చాయి. ఇప్పుడు జాకెట్ హుక్కు పెట్టుకోలేదు.
మా అక్క కూడా అదే పని. పొగాకు జిగురు ఎలా ఉంటుందో మీలో ఎంతమందికి తెలుసో. నల్లగా పట్టేస్తుంది, సబ్బుకు ఒక పట్టాన పోదు. పెళ్లిచూపుల నాడు సిగ్గుపడి చేతులు కొంగు కింద పెట్టుకుంది. అబ్బాయి మేనమామకు సాముద్రికం తెలుసంట. చేయి చాపించి చూశాడు. చూపుడు వేలు పొడుగు, మొగుడి మీద పెత్తనం చేస్తుంది, పైగా చేతులు దాస్తోంది, మనసు మంచిది కాదు అన్నాడు. సంబంధం తప్పిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్లు ఎవరొచ్చినా మా అక్క చేతులు రెండూ ఒళ్లో, పైకి కనిపించేలా పెట్టుకుని కూర్చునేది. నాకు కళ్లలో ఇప్పటికీ అదే.

కావలి కుర్రోడు:
😔

సాముద్రికం ఒంగోలు:
మీ అక్కగారికి జరిగింది అన్యాయం. దానికి శాస్త్రాన్ని తిడితే ఎలా? వచ్చీరాని మేనమామ చేసిన పనికి మా తాత మోసగాడా? ఆయన అరవై ఏళ్లు చూశాడు, ఒక్కరి దగ్గర చేయి చాపి అడగలేదు.

బ్యారన్ మంట:
మోసగాడని నేనెక్కడన్నాను? నువ్వే అనుకున్నావు. పైన మొదటి జవాబులో చేతులు దాచడం అంటే మనసు దాచడం అని రాసింది నువ్వా, నేనా? ఆ మేనమామ చెప్పిందీ అదే మాట. అక్షరం తేడా లేదు.

సాముద్రికం ఒంగోలు:
నువ్వు అనే మాట దగ్గర జాగ్రత్త. నా వయసు అరవై రెండు.

బ్యారన్ మంట:
సరే, మీరు. ప్రశ్న అదే.

విడవలూరు వాసి:
అన్నలూ, నా వల్ల గొడవ వద్దు. నిజం చెప్పేస్తా. పోయిన పంటలో కూడా అతనికి రెండు లక్షలిచ్చాను. జబ్బొచ్చి పంట ముందే పట్టేశారు, డబ్బు తిరిగి రాలేదు. ఇప్పుడు ఇవ్వనంటే మా ఆవిడ, మామగారు మొహం చూడరు. పెద్దాయన చెప్పింది నాకు కాస్త ధైర్యంగా అనిపించింది.

బ్యారన్ మంట:
అంటే మీరు ముందే వద్దనుకున్నారు. కావాల్సింది సాకు.

సాముద్రికం ఒంగోలు:
ఇందులో మాత్రం ఆయనతో ఏకీభవిస్తాను. మీ ఇంటి గొడవకు మా విద్యను అడ్డం పెట్టుకోకండి. తన గురించి తెలుసుకోవాలని ఎవరైనా చేయి చాపితే చెప్పాలి. పిల్లవాడు వెళ్లిపోయాక వెనకాల చెప్పడం మా తాత ఒప్పుకునేవాడు కాదు.

బ్యారన్ మంట:
మీ తాతగారి దగ్గరకు వాళ్లే వచ్చేవాళ్లేమో. మా ఇంట్లో మా అక్కను చాపమన్నారు. కోడలిది చూస్తారు, పనికి పెట్టుకునేవాడిది చూస్తారు, అప్పు అడిగేవాడిది చూస్తారు. అప్పు ఇచ్చేవాడి వేళ్ల మధ్య సందు ఎవరైనా చూశారా?

సాముద్రికం ఒంగోలు:
అది మనుషుల తప్పు. వేళ్లది కాదు.

బ్యారన్ మంట:
చూసేది మనుషులే కదండీ.

పొదలకూరు నిమ్మ:
ఒక చిన్న మాట. మా అన్నకు అల్లూరు దగ్గర గుంటలున్నాయి కాబట్టి అడుగుతున్నా. లీజు కాగితం ఎవరి పేరున రాశారు? కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది? పోయిన పంట మేత బాకీ తీరిందా?

విడవలూరు వాసి:
లీజు నోటిమాటే. గుంట యజమాని మా మామకు స్నేహితుడు. మీటరు యజమాని పేరునే. మేత బాకీ సంగతి అడగలేదు.

పొదలకూరు నిమ్మ:
బొటనవేలు ఎంత వంగుతుందని కాదన్నా, కాగితం మీద ముద్ర పడిందా లేదా అని చూడాల్సింది. మేత కొట్టుకు వెళ్లి అడగండి, పావుగంట పని.

విడవలూరు వాసి:
రేపు వెళ్తా. మా ఆవిడతో కూడా మాట్లాడాలి.

సాముద్రికం ఒంగోలు:
వెళ్లండి, మంచిదే. కానీ ఎడమచేతి వాటం ఉన్నవాళ్లకు ఏ చేయి చూడాలో ఇంకా ఎవరూ తేల్చలేదు.